పదిహేను వాట్లు

ఎడమ చేయి ప్యాంటు జేబులో ఉంది. కుడి చేత్తో మీటరు సూదిని యాంప్లిఫయర్ కడుపులోకి దించి, అంకెలు నిలబడేదాకా కళ్లార్పకుండా చూశాడాయన. నాలుగు వందల పన్నెండు వోల్టులు. ఉండవలసిన చోటే ఉంది. సూది బయటికి తీసి స్విచ్చి ఆపాడు. గాజు వాల్వుల్లోని నారింజరంగు వెలుగు ఎర్రబారి, మసకబారి, చల్లారింది. చల్లారాక కూడా లోపల దాక్కున్న కరెంటును ఒక తీగతో నేలలోకి దింపేశాకే ఎడమ చేయి జేబులోంచి బయటికి వచ్చింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పద్ధతి. పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: "రెండు చేతులూ లోపల పెట్టావంటే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి గుండె మీదుగా నడుస్తుంది. ఒక చెయ్యి ఎప్పుడూ ఇంట్లో ఉంచుకో." ఆ జేబే ఇల్లు. అందుకే ఊళ్లో గిటారు వాయించేవాళ్లందరికీ ఆయన ఒంటిచెయ్యి మేస్త్రీ. ఆ పేరు విని వచ్చిన కొత్తవాళ్లు పాపం జాలిపడుతూ లోపలికి వచ్చేవారు. తీరా చూస్తే నిక్షేపంగా రెండు చేతులతో టీ గ్లాసులు అందించే మనిషి కనపడేసరికి తెల్లమొహం వేసేవారు.

వాద్యాల దుకాణం వెనకాల, తెర చాటున ఆయన బల్ల. బల్లంతా టంకం చుక్కలు ఎండి గరుకు తేలింది. ఆయనది పొట్టి శరీరం. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. వేళ్ల చివర కాలిన మచ్చలు, చెవి మీద కురచ పెన్సిలు. ఆయనకి అరవై ఒకటి. ఎడమ చెవి సగం వినపడదు. కానీ ఆ సంగతి మనిషి మాటల దగ్గరే తప్ప గిటారు దగ్గర ఎవరూ కనిపెట్టలేదు.

తెర అవతల గిటారు మోగింది. కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. మీటినవాళ్లు వెంటనే తీగల మీద అరచేయి వేసి నొక్కేశారు. మళ్లీ మీటారు, మళ్లీ నొక్కేశారు. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. పడుకున్న పసిబిడ్డ పక్కన వాయించడం అలవాటైన చెయ్యి అది.

"బాబాయ్, ఒకసారి ఇలా రా," దుకాణం యజమాని కేక వేశాడు. తండ్రి పోయాక దుకాణం చేతికొచ్చిన కుర్రాడు. మేస్త్రీ ఒళ్లో కూచుని తీగలు లెక్కపెట్టడం నేర్చుకున్నవాడు. "వీళ్లకి ఆ యాభై వాట్లది ఇస్తున్నా. వాల్వులు ఓసారి చూసి పంపెయ్."

యాభై వాట్ల పెట్టె ఏడాదిగా కిటికీ దగ్గర జాగా అంతా ఆక్రమించుకుని అమ్ముడుపోకుండా కూచుంది. దాని ముందు స్టూలు మీద నలభై దాటిన ఆవిడ. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. భుజం మీద రంగురంగుల దారప్పోగులు. దర్జీ పని అని అడగక్కర్లేదు. వెనకాల నిలబడ్డ ఆజానుబాహువు కనుబొమల నిండా రంపపు పొట్టు.

"ఎవరమ్మా వాయించేది?"

"నేనేనండి. మా బావ డ్రమ్ములు కొడతాడు."

"ఎక్కడ వాయిస్తావు?"

"రోజూ ఇంట్లో. ఆదివారాలు బ్యాండులో. ఇవాళ సాయంత్రం కూడా ఉంది."

"బ్యాండులో వాయిస్తుంది గానీ వినపడదండీ," అన్నాడు వడ్రంగి బావ. "మొన్న మిల్లు వాళ్ల వార్షికోత్సవంలో మా మరదలు స్టేజి మీద చేతులు ఆడించింది, అంతే. జనం చూసి డాన్సేమో అనుకున్నారు."

"నువ్వు కొట్టే కొట్టుడికి పిడుగు పడినా వినపడదు బావా." ఆమె నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నిజమేనండి. నా దగ్గరున్నది చిన్న బొమ్మలాంటిది, ఎవరికీ వినపడటం లేదు. బేస్ గిటారు వాయించే మందుల షాపాయన ఇంకొకళ్లని చూద్దామంటున్నాడు. పోనీ పెద్దది కొందామా అంటే, కింద వాటాలో ఉండే ఇంటావిడ ఇంకొక్కసారి చప్పుడైతే ఇల్లు ఖాళీ చెయ్యమంది. ఇంట్లో వినపడకూడదు, స్టేజి మీద వినపడాలి. రెండూ ఒక్క పెట్టెలో ఉంటాయా అండీ?"

"ఉంటాయి," అన్నాడాయన.

ఆ మాట అన్న తీరుకి ఆమె మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. కొలతలు మొదలయ్యాయని తెలిసిన మనిషిలా.

ఆయన యాభై వాట్ల పెట్టె మీద శబ్దం మీటను ఒకటి దగ్గర పెట్టి వాయించమన్నాడు. దుప్పటి కప్పుకుని మూలుగుతున్నట్టు వచ్చింది. వెంట్రుకవాసి జరిపాడు. కౌంటరు మీది రసీదు పుస్తకం ఎగిరింది.

"చూశావా? ఇది గొంతు విప్పితే ఇల్లు కూలుతుంది, మూస్తే మాట ముద్దవుతుంది. మధ్యలో ఏమీ లేదు. వాట్లని చూసి జనం మోసపోతారమ్మా. యాభై వాట్లంటే అయిదు వాట్లకి పదింతల మోత అనుకుంటారు. చెవికి తెలిసేది రెండింతలే. మిగతాదంతా బరువు, వేడి."

"మరి డ్రమ్ముల మీద తేలాలి కదండీ," అన్నాడు వడ్రంగి, తన పరువేదో తగ్గుతున్నట్టు.

"తేలుతుంది. తేలడానికి బలం కాదు, దారి కావాలి."

అడుగు అరలోంచి మోకాలెత్తు పెట్టెను బయటికి లాగి, చొక్కా చేతితో దుమ్ము తుడిచాడు. పదిహేను వాట్లది. లోపల పన్నెండు అంగుళాల స్పీకరు. వెనక చిన్న స్విచ్చి, దాన్ని కిందికి నొక్కితే పదిహేను కాస్తా ఒకటవుతుంది. ఎత్తితే నిండు నీళ్ల బకెట్టంత బరువు.

యజమాని చెవి దగ్గరికి వచ్చాడు. "బాబాయ్, నువ్వు అమ్మడానికొచ్చావా, తగ్గించడానికొచ్చావా?"

"అమ్మింది తిరిగి రాకుండా చూడటానికొచ్చాను బాబూ." ఆమె వైపు తిరిగాడు. "ఇక్కడ విని ఒప్పుకోవద్దమ్మా. దుకాణంలో ఏదైనా బాగానే ఉంటుంది. ముందు మీ ఇంట్లో విందాం, సాయంత్రం మీ బ్యాండులో విందాం. రెండు చోట్లా సరిపోతేనే నీది. లేదంటే నేనే మోసుకొచ్చేస్తాను."

యజమాని చేతులెత్తేశాడు. ఎన్నోసారో ఇది. మధ్యాహ్నం భోజనం వేళ మేస్త్రీ పెట్టె పట్టుకుని జనాల ఇళ్లకి పోతాడు. గదులు చూస్తాడు. కొలిమి లాంటి రేకుల షెడ్లు, లిఫ్టు లేని అయిదో అంతస్తులు, అత్తగారు నిద్రపోయే గది పక్క వంటిళ్లు, అన్నీ చూశాడు. ఊళ్లో ఏ గోడ ఎంత పలచనో పురపాలక సంఘానికి కూడా అంత తెలియదు.

ఆమె ఇల్లు రెండు వీధులవతల, మేడ మీద. గదిలో కుట్టు మిషను, కత్తిరించిన బట్టల కట్టలు, గోడ మేకుకి కత్తెర, పక్క మేకుకి గిటారు. వడ్రంగి పెట్టెను నేల మీద దించబోతే మేస్త్రీ ఆపి, కుర్చీ మీద పెట్టించాడు. "చెవులు కాళ్లకుంటాయా ఎక్కడైనా? మనిషి చెవి ఎత్తుకి పెట్టండి." వెనక స్విచ్చి ఒకటి మీదకి నొక్కి, మీట తిప్పి, ఆమె వాయిస్తుంటే కాసేపు విన్నాడు. చిన్నగానే ఉన్నా నిండుగా ఉంది. స్వరం చివర తేనె తీగలా సాగుతోంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. సొంత గొంతు మొదటిసారి విన్న మనిషి ముఖం అది. ఆ ముఖం కోసమే ఆయన భోజనాలు మానుకుని తిరుగుతాడు.

"ఆపకు. వాయిస్తూనే ఉండు," అని మెట్లు దిగి కింద వాటా తలుపు కొట్టాడు.

ఇంటావిడ డెబ్భై ఏళ్ల సన్నపాటి మనిషి. ముఖమంతా కళ్లద్దాలే. "ఏం నాయనా, నువ్వు కూడా వాయిస్తావా?"

"లేదమ్మా. మీ దగ్గర కూచుని వినడానికొచ్చాను."

ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు కాబోలు, ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది. ఆయన గది నడిమధ్య కుర్చీ వేసుకుని, మంచి చెవిని పైకప్పు వైపు తిప్పాడు. పక్క వీధిలోంచి వస్తున్నట్టు ఎక్కడో సన్నగా గిటారు. దాని కింద, ఉండుండి, ధక్. ధక్. ధక్.

"అదిగో! అదే!" ఆవిడ వేలు పైకి లేపింది. "నా మాడు మీద సుత్తి పెట్టి కొడుతున్నట్టే ఉంటుంది. పాట సంగతి నాకెందుకు నాయనా, ఆ పోటు భరించలేకపోతున్నా."

ఆయన మళ్లీ మెట్లెక్కి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని వాయిస్తోంది. చెప్పులతో ఉన్న కుడి కాలి మడమ లేచి, తాళం తప్పకుండా, చెక్క పలకల నేల మీద పడుతోంది.

"వాట్లు కాదమ్మా," అన్నాడు. "మడమ."

ఆమె కళ్లు తెరిచి తన కాలి వైపు, అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది. వడ్రంగి పగలబడి నవ్వాడు. "నాలుగేళ్లనించీ మా మరదలు కిందావిడ నెత్తి మీద డ్రమ్ములు వాయిస్తోందన్నమాట! మరి నన్నంటుంది!"

చెప్పులు విప్పించి, కాలి కింద పాత బొంతను నాలుగు మడతలు పెట్టి పరిచాడు మేస్త్రీ. మళ్లీ కిందికి దిగాడు. మళ్లీ కుర్చీ. కాసేపటికి ఇంటావిడ విసుక్కుంది. "ఇంకా మొదలుపెట్టలేదేం?"

"పాట సగం అయిపోయిందమ్మా."

ఆవిడ తల పక్కకి వంచింది. కళ్లద్దాలు తీసి, చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఓహో, ఇదా? బాగానే ఉందే," అంది కొంచెం సిగ్గుపడుతూ. "ఖాళీ చెయ్యక్కర్లేదని చెప్పు. నేను చెప్తే బెట్టుగా ఉంటుంది, నువ్వే చెప్పు."

సాయంత్రం బ్యాండు సాధన వడ్రంగి పనిచేసే షెడ్డులో. పని ముగిశాక రంపాలకి గోనె కప్పి, మధ్యలో డ్రమ్ములు పెడతారు. మేస్త్రీ వచ్చేసరికి మందుల షాపాయన బేస్ గిటారు తగిలించుకుని సిద్ధంగా ఉన్నాడు. సన్నటి మీసం, ఇస్త్రీ నలగని చొక్కా. పాడేది కూడా ఆయనే.

"ఈ డబ్బాతోనా?" అన్నాడు, పెట్టెను చూసి.

మేస్త్రీ పెట్టెను కొయ్య పీట మీదకి ఎక్కించి, ముఖం కొంచెం పైకి వాల్చి, వెనక స్విచ్చి పదిహేను మీదకి నొక్కి, శబ్దం మీట కాస్త పెంచాడు. మొదటి పాట మొదలైంది. వడ్రంగి చేతిలో పుల్లలు కావవి, దూలాలు. గిటారు అందులో ఎక్కడో మునిగిపోయింది. ఆమె ఒకసారి మేస్త్రీ వైపు, ఒకసారి నేల వైపు చూసింది. పాట అయ్యాక ఏ మాట వినవలసి వస్తుందో ముందే విన్నదానిలా ఉంది.

"చెప్పానా?" అన్నాడు మందుల షాపాయన. "పెద్దది తెప్పించండి. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా పెట్టుకోండి. నాకేం ఇబ్బంది లేదు, ఇంకాస్త అరిచి పాడతాను."

"అరవొద్దు."

మేస్త్రీ గొంతు పెద్దదేమీ కాదు. కానీ అందరూ అటు తిరిగారు.

"మా తమ్ముడు పాడేవాడు. నేను వాడి పక్కన గిటారు. నాది వంద వాట్ల పెట్టె, మనిషెత్తు ఉండేది. దాని ముందు నిలబడితే చొక్కా రెపరెపలాడేది. తొమ్మిదేళ్లు వాయించాం. వాడు నా మీద నుంచి వినపడాలని రోజూ అరిచాడు. ఒకరోజు మాట రాలేదు. డాక్టరు చూసి, గొంతులో కాయలు కాశాయన్నాడు. కోసి తీశారు. మాట వచ్చింది గానీ పాట రాలేదు." మీసం మనిషిని సూటిగా చూశాడు. "వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఫోనులో, బాగున్నావా అన్నయ్యా అంటాడు. ఆ గొంతు వింటే మీరు అరవరు."

ఆయన చెప్పవలసినంతే చెప్పే మనిషి. వంద వాట్ల పెట్టెను ఆ ఏడే ముక్కలుగా విప్పేసి, వాద్యాల దుకాణంలో బల్ల దగ్గర చేరిన సంగతి గానీ, అప్పట్నించీ గిటారు పట్టుకున్నది ఇతరుల పెట్టెలు సరిచూడటానికేనన్న సంగతి గానీ వాళ్లకి అక్కర్లేదు. దాని గురించి ఆయనకి ఏడుపు లేదు. తాను వాయించి ఉంటే ఒక్క గిటారే బాగా వినపడేది. ఇప్పుడు ఊరంతా వినపడుతోంది.

పెట్టె దగ్గర వంగి, శబ్దం మీట ముట్టుకోకుండా, మంద్రస్వరాల మీటను సగానికి దించాడు. మధ్యస్వరాలది పైకి తిప్పాడు. "ఆ అడుగు మోతంతా మీ బేసుది. అక్కడ మీ ఇద్దరూ తోసుకుంటున్నారు. ఈవిడని పక్కకి జరిపాను, మీరూ కాస్త జరగండి." బేస్ శబ్దం తగ్గించాడు. వడ్రంగితో, "కొట్టండి. కానీ ఈవిడ వాయించేది మీకు వినపడేటంత కొట్టండి. మీకే వినపడకపోతే జనానికేం వినపడుతుంది?" అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టారు. డ్రమ్ము దరువుకీ బేసుకీ మధ్యలోంచి, రద్దీలో భుజాల మధ్య దారి చేసుకుని వచ్చే మనిషిలా, గిటారు బయటికి వచ్చింది. గట్టిగా ఏమీ లేదు. స్పష్టంగా ఉంది. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత తీగల మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఆ అరచేయి తీసేసింది. మందుల షాపాయన రెండో చరణం అరవకుండా పాడాడు. తన గొంతులో ఆ మెత్తదనం ఉందని ఆయనకే తెలియనట్టుంది, పాడుతూ పాడుతూ మీసం కింద నవ్వాడు.

మేస్త్రీ దుంగ మీద కూచుని వరసగా మూడు పాటలు విన్నాడు. మంచి చెవి వాళ్ల వైపు ఉంది. ఒకచోట ఆమె పది స్వరాలు ఏకధాటిగా వాయించి, పదకొండోది తప్పి, ఆ తప్పునే మళ్లీ వాయించి ఒప్పు చేసుకుంది. ఆయన తొడ మీద వేళ్లతో తాళం వేశాడు. ఆఖరి పాట నడుస్తుండగా లేచి, సంచీలోంచి తెల్ల టేపు తీసి చింపి, శబ్దం మీట చుట్టూ అతికించి, చెవి మీది పెన్సిలుతో దాని మీద ఏవో రాశాడు. పాట అయ్యేసరికి గుమ్మం దగ్గర ఉన్నాడు.

"మేస్త్రీ గారూ, కాసేపు ఉండండి, టీ తెప్పిస్తాను," అంది ఆమె.

"ఇంటికెళ్లి తాగుతా తల్లీ. లేకపోతే మా ఆవిడ టీ చల్లారిపోయిందని నన్ను వేడి చేస్తుంది."

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. భార్య గుమ్మంలో కూచుని పేపరు చదువుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఇవాళ ఎవరికి ఏం అంటగట్టారు?"

"పదిహేను వాట్లు."

"వాళ్లడిగింది?"

"యాభై."

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోలేదు. విన్నారు."

ఆమె నవ్వి పేపరు మడిచింది. ఆయన టీ తాగి, కిటికీ పక్క వాలుకుర్చీలో నడుం వాల్చాడు. మడమ సంగతి చెప్పాడు. "నాలుగేళ్లు!" అని ఆమె కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. కాస్త కునుకు తీస్తానని, దీపాలు పెట్టే వేళకి లేపమని చెప్పాడు. ఆమె వంటింట్లో పని చేసుకుంటూ, అక్కణ్నించే ఆ ఇంటావిడ గురించి ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. జవాబు రాలేదు. ఎడమ చెవి ఇటు తిరిగి ఉందేమో అనుకుంది. దీపం పెట్టి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. భుజం వెచ్చగానే ఉంది. మనిషి లేడు. ముఖంలో నొప్పి గానీ, ఆశ్చర్యం గానీ ఏమీ లేవు.

కబురు మర్నాడు పొద్దున యజమాని కుర్రాడు స్వయంగా దర్జీ ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పి, మెట్ల మీదే కూచుండిపోయాడు. కింద వాటా ఇంటావిడ మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చి, ఏమీ అడగకుండా పక్కనే కూచుంది. మూడు రోజులు దుకాణం తీయలేదు. తీసినరోజు యాభై వాట్ల పెట్టెను తనే కిటికీ దగ్గర్నుంచి లోపలికి లాగి, ఆ జాగాలో చిన్నవాటిని వరసగా పేర్చాడు.

ఆదివారం సాధన మానేద్దామా అని మందుల షాపాయన అడిగాడు. "ఆయనైతే మానేవాడా?" అన్నాడు వడ్రంగి. రంపాలకి గోనె కప్పారు. డ్రమ్ములు బిగించారు. మొదటి పాటలో వడ్రంగి చేతులు అదుపు తప్పాయి. తెలియకుండానే దుఃఖమంతా డ్రమ్ము తోలు మీద కొడుతున్నాడు. గిటారు వెనకబడింది. ఆమె వాయిస్తూనే వంగి, శబ్దం పెంచబోయి, మీట మీద వేలు పెట్టింది. పెట్టె వారంగా షెడ్డులోనే ఉండిపోయింది, అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

మీట చుట్టూ తెల్లటి టేపు ముక్క, ఒక కొస కొంచెం లేచింది. మొదటి గీత దగ్గర, చిన్న అక్షరాల్లో, ఇల్లు. కాస్త పైన, మీట ఇప్పుడు నిలబడ్డ చోటే, బ్యాండు. దానికి వేలెడు అవతల, పెన్సిలు ముక్కు విరిగేటంత గట్టిగా నొక్కి రాసిన మూడో మాట: వద్దు.